కింద మేం, పైన మూడు గదులు: రామంతాపూర్ ఇంటి డైరీ

2024 మార్చి

ఇళ్లు చూడటం మొదలుపెట్టక ముందే లెక్క చూసుకున్నాం. హైదరాబాద్ నాచారంలో అద్దెకు కడుతున్న 14 వేలకు మరో 22 వేలు కలిపితే నెలకు 36 వేలు. పాప చదువు, అత్తయ్య మందులు, చీటీలు పోగా మా ఇద్దరి జీతాలు మోయగలిగింది అంతే. ఇరవై ఏళ్ల గడువుకు, 8.5 శాతం వడ్డీకి ప్రతి లక్ష అప్పు మీద నెలకు సుమారు 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. ఆ లెక్కన 36 వేలకు దొరికేది 41 లక్షల అప్పు. మా దగ్గరున్న డబ్బు కలిపితే ఉప్పల్ వైపు ఒక మోస్తరు రెండు పడకగదుల ఫ్లాటు వస్తుంది.

మాకు ఫ్లాటు వద్దు. అత్తయ్యకు మెట్లు పనికిరావు, లిఫ్టు చెడిపోతే ఆవిడ ఇంట్లోనే ఉండిపోవాలి. నేల మీద ఇల్లు, పైన అద్దెకు గదులు ఉన్న పాత ఇల్లయితే బాగుంటుందని మా వారి ఆలోచన. అలాంటి ఇంటికి 60 లక్షల అప్పు కావాలి, ఈఎంఐ 52,070. ఈ తేడాను పై గదుల అద్దె మోయాలి. అద్దెతోనే అప్పంతా తీరిపోతుందని కొందరు చెబుతారు. హైదరాబాద్ ధరలకు, హైదరాబాద్ అద్దెలకు ఆ పొంతన కుదరదు. మా స్తోమతకూ మాకు కావలసిన ఇంటికీ మధ్య ఉన్న దూరాన్ని అద్దె పూడిస్తే చాలు. మా ఆశ అంతవరకే.

మూడు గదులకు నెలకు 19,500 వస్తుందనుకున్నా, ఏడాదికి పన్నెండు నెలల అద్దె లెక్కలో వేసుకోకూడదని ముందే గీత గీసుకున్నాం. పది నెలలే వేసుకోవాలి. మిగిలిన రెండు నెలలు ఖాళీకి, సున్నానికి, మోటారు రిపేరుకు. అంటే నెలకు సగటున 16,250. మా చేతి నుంచి పడేది 35,820. సరిగ్గా మా హద్దులో ఉంది.

2024 జులై

హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్, నాచారం. ఈ నాలుగు పేర్లు దాటి వెళ్లకూడదనుకున్నాం. నా ల్యాబు నాచారం పారిశ్రామిక వాడలో. మెట్రో 2017 నవంబరు నుంచి నాగోల్ దాకా నడుస్తోంది. తార్నాక వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఐఐసీటీ, ఇటు సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధనా సంస్థలు, నాచారంలో ఫ్యాక్టరీలు. గది వెతుక్కునే మనుషులు ఏడాది పొడవునా ఉండే చోటు ఇది. ఒక్క కాలేజీ మీదో, ఒక్క కోచింగ్ సెంటరు మీదో ఆధారపడిన వీధిలో వేసవి సెలవులు వస్తే గదులు ఖాళీ. ఇక్కడ ఆ భయం తక్కువ.

ఈ వైపు ఉన్న అసలు భయం నీళ్లది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హబ్సిగూడలో, రామంతాపూర్‌లో కొన్ని కాలనీలు మునిగాయి. చెరువు అలుగు దారిలో, నాలా పక్కన ఉన్న ఇళ్లలోకి నీళ్లు నిలువునా వచ్చాయి. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ముందు వంటగది చూడం. మెట్ల కింద చూస్తాం. కొత్తగా రంగు వేసిన ఇంట్లో కూడా మెట్ల కింద, మీటర్ల పెట్టె వెనక, బావి గట్టు లోపలి వైపు రంగు వేయరు. నీళ్లు నిలిచిన ఇంట్లో అక్కడ గోధుమ రంగు గీత అడ్డంగా, మట్టసంగా కనిపిస్తుంది. నేలలో నుంచి ఎక్కే చెమ్మ ఇలా ఉండదు. ఎత్తుపల్లాలుగా, ఉప్పు పొట్టుతో ఉంటుంది. ఒక ఇల్లు మా అందరికీ నచ్చింది, ధర కూడా కుదిరేలా ఉంది. మీటర్ల పెట్టె వెనక మోకాలి ఎత్తున గీత ఉంది. ఎదురింటి పెద్దాయనను అడిగితే, “మా ఇంట్లో ఫ్రిజ్ తేలిందమ్మా” అన్నారు. వెనక్కి వచ్చేశాం.

చెరువుల, నాలాల ఆక్రమణలు తొలగించడానికి ఈ నెలలోనే ప్రభుత్వం హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసింది. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) గురించి ఇప్పుడు టీ కొట్ల దగ్గర కూడా మాట్లాడుతున్నారు. మంచిదే. మేం చూసే ప్రతి ఇంటి సర్వే నంబరును నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటాలతో సరిచూసుకుంటున్నాం.

2024 ఆగస్టు

ఇల్లు దొరికింది. రామంతాపూర్ లోపలి కాలనీలో, కాస్త ఎత్తు మీద, 133 గజాల స్థలం. 2003లో కట్టింది. కింద హాలు, రెండు పడకగదులు, వంటగది. బయటి నుంచి మెట్లు. పైన వరండా వెంబడి మూడు గదులు, వాటికి ఉమ్మడిగా రెండు బాత్‌రూములు. పై అంతస్తుకు కూడా మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను ఉంది. ఇది చాలా ముఖ్యం. ఈ కాలనీల్లో కింద అంతస్తుకు అనుమతి తీసుకుని పైన తర్వాత వేసుకున్న ఇళ్లే ఎక్కువ. అలాంటి పై అంతస్తుకు బ్యాంకు విలువ కట్టదు. గదుల కోసమే కొనేవాళ్లకు ఆ గదులే లెక్కలోకి రాకపోతే ఎలా?

ధర 88 లక్షలకు కుదిరింది. మధ్యవర్తి వెంటనే, “కాగితం మీద 60 చూపిద్దాం, మిగతాది చేతికి ఇవ్వండి, మీకు రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది” అన్నాడు. కుదరదని అప్పుడే చెప్పేశాం. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. బ్యాంకు అప్పు కూడా డీడులో ఉన్న ధరను బట్టే. పైగా రేపు మేం అమ్మాల్సి వస్తే, చూపించని ఆ 28 లక్షలు మాకు లాభం కింద లెక్కకొస్తాయి. అంతా చెక్కుల మీదే జరగాలన్నాం. ఇంటి పెద్దావిడ వెంటనే ఒప్పుకున్నారు. ఆవిడకూ అదే కావాలి.

2024 సెప్టెంబరు

కాగితాల నెల.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. ఈ ఇంటి స్థలం లేఅవుట్ అయ్యాక చేతులు మారింది రెండుసార్లే, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) రెండూ ఒరిజినల్స్ ఉన్నాయి. చిక్కు వేరే చోట వచ్చింది. ఇల్లు కట్టిన పెద్దాయన విల్లు రాయకుండా పోయారు. అమ్మేవాళ్లు ఆయన భార్య, ఇద్దరు కొడుకులు. కూతురు అమెరికాలో. “అక్కయ్య పెళ్లికి ఇవ్వాల్సిందంతా ఇచ్చేశాం, ఆవిడ సంతకం అక్కర్లేదు” అన్నారు పెద్దబ్బాయి.

మా లాయరు గారు ఆయన ముందే తేల్చి చెప్పారు. “పసుపు కుంకుమల కింద ఇచ్చింది వేరు, వాటా వేరు బాబూ. మీ నాన్నగారు స్వయంగా కొన్న ఆస్తి. విల్లు లేదు. అమ్మగారికి, మీ ముగ్గురికి సమాన వాటాలు. ఆవిడ సంతకం లేకపోతే వీళ్లు కొనేది ముప్పాతిక ఇల్లు.”

ఆయన అడ్డు చెప్పలేదు. ఆ అమ్మాయి కూడా సంతోషంగా ఒప్పుకున్నారు. అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసి తమ్ముడి పేర పంపారు. విదేశంలో రాసిన అలాంటి పత్రానికి అది మన దేశం చేరిన మూడు నెలల్లోగా ఇక్కడి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు సుంకం కట్టించాలి. ఆ గడువు దాటిపోతే ఇబ్బంది.

ఆవిడ ఎన్నారై కావడంతో టీడీఎస్ (అమ్మేవాళ్లకు ఇచ్చే సొమ్ములోంచి ముందే పట్టుకునే పన్ను) సంగతి కూడా మారింది. ఎవరైనా ఎన్నారైల దగ్గర ఇల్లు కొంటుంటే ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన విలువైన ఆస్తి కొంటే కొనేవాళ్లే 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. వాటాలు విడివిడిగా 22 లక్షలే కదా అనడానికి లేదు. 2024 అక్టోబరు 1 నుంచి మొత్తం ధరనే చూస్తారు. ఎన్నారై వాటాకు ఈ 1 శాతం వర్తించదు. దీర్ఘకాలిక మూలధన లాభం మీద పన్ను రేటు 12.5 శాతం, దాని మీద సెస్. లాభం ఎంతో తేల్చే కాగితం లేకపోతే మొత్తం వాటా మీద పట్టుకోవాల్సి వస్తుంది. మేం టాన్ నంబరు (పన్ను పట్టుకుని కట్టేవాళ్లకు ఇచ్చే ఖాతా సంఖ్య) కూడా తీసుకోవాల్సి వచ్చింది. పట్టుకోకపోతే ఆ పన్ను, వడ్డీ కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ఆవిడ తక్కువ పన్ను పట్టుకోవడానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ధ్రువపత్రానికి దరఖాస్తు చేశారు. అది వచ్చేదాకా రిజిస్ట్రేషన్ ఆగింది. ఆగినా మంచిదే అనిపించింది. ఆవిడకు అనవసరంగా డబ్బు ఇరుక్కుపోలేదు, మాకు తర్వాత నోటీసు భయం లేదు.

2024 నవంబరు

రిజిస్ట్రేషన్ పూర్తయింది. స్టాంపు సుంకం 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి ఏడున్నర శాతం. 88 లక్షల మీద 6 లక్షల 60 వేలు. దీనికి బ్యాంకు పైసా ఇవ్వదు, చేతిలో ఉండాలి. మొదటి ఇల్లు కొనేవాళ్లలో చాలామంది ఇంటి ధరలో పాతిక శాతం కూడబెట్టి ఆగిపోతారు. ఈ ఏడున్నర శాతం, రిపేర్లకు మరో ఐదారు శాతం కూడా పక్కన పెట్టుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

బ్యాంకు ఇంటికి కట్టిన విలువ 79 లక్షలు. అప్పు 60 లక్షలు. మిగతాది మా పొదుపు, మామయ్య గారి ఊళ్లో అమ్మిన స్థలం, నేను పాడుకున్న చీటీ, ఇద్దరి పీఎఫ్.

టీడీఎస్ చలాన్ కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ జోడీకొకటి చొప్పున వేయాలి. కొన్నది మేం ఇద్దరం, ఇక్కడి వాళ్లు ముగ్గురు. ఆరు చలాన్లు. మా వారు ఒక ఆదివారం ఉదయమంతా దాని మీదే కూర్చున్నారు.

కార్తీకంలో పాలు పొంగించాం. ఇంటి పెద్దావిడ కూడా వచ్చి, పూజగదిలో ఏ మూల దీపం పెట్టేవారో అత్తయ్యకు చూపించి వెళ్లారు.

2024 డిసెంబరు – 2025 ఫిబ్రవరి

పనులు. బడ్జెట్ 4 లక్షల 80 వేలు. దీన్ని ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంట్లో చాలా చర్చ జరిగింది. మా తమ్ముడు కింద హాలుకు కొత్త టైల్స్ వేయించమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ముందు పైకప్పు, తర్వాత కరెంటు, తర్వాత బాత్‌రూము, చివరికి మిగిలితే రంగు. గది అద్దెకు ఇచ్చేటప్పుడు అది ఎంత చిన్నదైనా ఇల్లే. నీళ్లు, వెలుతురు, తలుపు, మీటరు ఎవరివి వాళ్లకు ఉండాలి. ఇవి కలిసి ఉన్న చోట తగాదాలు మొదలవుతాయి. తగాదాలున్న చోట మంచివాళ్లు ముందుగా ఖాళీ చేస్తారు.

పైకప్పు: మూడో గది మూలలో, అటక పైన తాటికాయంత తడి మచ్చ. దాని మీద వాటర్‌ప్రూఫ్ రంగు వేసి వదిలేయవచ్చని ఒకరు చెప్పారు. మా మేస్త్రీ ఒప్పుకోలేదు. “అక్కా, పైన రంగు పూస్తే రెండేళ్లకు మళ్లీ నన్నే పిలుస్తారు. ముందు నీళ్లు కట్టి చూద్దాం” అన్నాడు. వాననీళ్ల గొట్టాల మూతులకు గోనెసంచులు కుక్కి, మెట్ల గుమ్మం దగ్గర బంకమట్టి గట్టు కట్టి, డాబా మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టారు. కింద గదుల్లో శ్లాబు మీద సుద్దముక్కతో మచ్చల చుట్టూ గీతలు గీశాం, తడి ఎటు పాకుతుందో తెలియడానికి. మర్నాటి సాయంత్రానికి మచ్చ సుద్దగీత దాటింది. అయితే శ్లాబు మధ్యలో ఎక్కడా చెమ్మ లేదు. పిట్టగోడ శ్లాబును కలిసే మూల వెంబడే ఉంది. నీళ్లు వదిలేశాక ఆ మూలను పగలగొడితే లోపల వెంట్రుకవాసి చీలిక బారెడు పొడవున కనిపించింది. దాన్ని వెడల్పు చేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపి, మూలంతా గుండ్రంగా మలిచారు. దాని మీద పూత, వల, మళ్లీ పూత. చివర్న గొట్టాల వైపు వాలు సరిచేసి, మళ్లీ నీళ్లు కట్టి చూశారు. సుద్దగీతలు పొడిగా ఉన్నాయి. మొత్తం డాబాకు పూత పూయించి ఉంటే దీనికి రెండింతలు అయ్యేది, చీలిక మాత్రం అలాగే ఉండేది.

కరెంటు: పై మూడు గదులకు కలిపి ఒకటే మీటరు ఉండేది. దీని మీద గంటసేపు కూర్చుని లెక్క వేశాను, ఎందుకంటే అద్దె ఇళ్లలో సగం గొడవలు ఇక్కడే. గదికి నెలకు 90 యూనిట్లు కాలుతాయనుకుందాం. ఒకే మీటరు మీద 270. రెండు వందలు దాటగానే మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, మిగతా 70కి 7.70 చొప్పున పడి 1,559 రూపాయలవుతుంది. అదే మూడు మీటర్లయితే ఒక్కోదానికి మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాతి 40కి 3.10. గదికి 221 రూపాయల 50 పైసలు, మూడింటికీ కలిపి 664.50. స్థిర చార్జీలు పక్కన పెడితే తేడా నెలకు ఎనిమిది వందల పైమాటే. ఆ డబ్బు అద్దెకుండేవాళ్ల జేబులోంచి పోయేది. చాలామంది యజమానులు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తారు. నాకది న్యాయంగా తోచదు. ప్రతి గదికీ విడి వంటగట్టు, విడి ప్రవేశం చూపించి మూడు కనెక్షన్లకు దరఖాస్తు చేశాం, వచ్చాయి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు అద్దె ఇంట్లో ఉన్నా గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. విడి మీటరు లేకపోతే వాళ్లకు ఆ దారే లేదు.

వైరింగు మొత్తం మార్చాం. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. ప్రతి గదికీ కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. తడి చేతితో బకెట్ హీటరు ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. ఇక్కడ పైసలు చూసుకోకూడదు.

బాత్‌రూము: మూడోది కట్టించాం. వరండా చివర, కింది బాత్‌రూముకు సరిగ్గా పైన. పాత మురుగు గొట్టంలోనే కలిసింది కాబట్టి ఖర్చు అదుపులో ఉంది.

హాలు టైల్స్ అలాగే ఉన్నాయి. శుభ్రంగా తుడిస్తే బాగానే మెరుస్తున్నాయి.

2025 మార్చి

నీళ్ల లెక్క. కింద నలుగురం, పైన ఐదుగురు ఉంటారనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రామాణికం. తొమ్మిది మందికి 1,215, నెలకు 36 వేల పైచిలుకు. జలమండలి ఉచితంగా ఇచ్చేది నెలకు 20 వేల లీటర్లు, అదీ మీటరు పనిచేస్తూ, ఆధార్ జతచేసి ఉంటేనే. మా వీధికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అంటే సంపులో ఎప్పుడూ రెండున్నర వేల లీటర్లు తక్కువ కాకుండా ఉండాలి. మా సంపు 8 వేల లీటర్లది, దిగులు లేదు. పైన మాత్రం ఒక్కటే వెయ్యి లీటర్ల ట్యాంకు ఉండేది. కింద మేం రెండు బకెట్లు ఎక్కువ వాడితే పైవాళ్లు సబ్బు నురగతో నిలబడాలి. అందుకని పై గదులకు వేరే వెయ్యి లీటర్ల ట్యాంకు, వేరే గొట్టం. నల్లా నీళ్లు తాగడానికి, వంటకు. బోరు నీళ్లు మిగతా వాడకానికి.

బోరు పాతది, ఎండాకాలం గాలి కొడుతుందని పాత యజమానులే చెప్పారు. బోరు పక్కన ఆరడుగుల లోతు ఇంకుడు గుంత తవ్వించి, కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక నింపి, డాబా మీది రెండు గొట్టాలనూ అందులోకి మళ్లించాం. కొనే ముందు మేం భయపడిన వాననీళ్లే ఇప్పుడు మాకు కావాలి. ఫలితం వానాకాలం తర్వాత రాస్తాను.

2025 ఏప్రిల్

టులెట్ బోర్డు పెట్టిన రోజు నుంచి ఫోన్లు. నాకు ఒక పట్టుదల ఉంది. మేం పెళ్లయిన కొత్తలో ఇల్లు వెతికినప్పుడు గేటు దగ్గరే కులం అడిగారు. కొందరు సూటిగా, కొందరు ఇంటి పేరు, ఊరి పేరు చుట్టూ తిప్పి. ఇంకో చోట “మాంసం వండుతారా” అని అడిగి గది ఇవ్వలేదు. మా ఇంట్లో ఆ రెండు ప్రశ్నలూ ఉండవని గృహప్రవేశానికి ముందే అత్తయ్యతో అన్నాను. ఆవిడ ఒక్క పూట ఆలోచించి, “అద్దె సరిగ్గా కట్టి, నీళ్లు వృథా చేయకపోతే చాలమ్మా” అన్నారు. పై గదులకు వంటగాలి బయటకు పోయే ఫ్యాన్లు పెట్టించింది కూడా అందుకే. ఎవరు ఏం వండుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

మొదటి గది ఒక నర్సు తీసుకుంది, 6,000. రాత్రి డ్యూటీలు. “అక్కా, పగలు పడుకుంటాను, తలుపు కొట్టకుండా ఉంటే చాలు” అన్నది ఆమె పెట్టిన ఒకే షరతు. రెండోది ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే ఇద్దరు అమ్మాయిలు, ఒకరిది నల్గొండ జిల్లా, ఒకరిది శ్రీకాకుళం. 7,000. మూడో గదికి మెకానిక్‌గా పనిచేసే అబ్బాయి, అతని భార్య. 6,500. వాళ్లకు రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి దరఖాస్తు పెట్టుకున్నారు.

అందరితోనూ పదకొండు నెలల ఒప్పందం. అది ఇక్కడి ఆనవాయితీ. అడ్వాన్సు రెండు నెలలే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాసాలకు ఇంతే చెబుతుంది. ఒప్పందంలో ఒక పేజీ నేనే రాశాను: గదిలో ఏయే వస్తువులు ఉన్నాయి, వాటి స్థితి ఏమిటి, ఏది చెడిపోతే ఎవరు బాగుచేయించాలి, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. ఆఖరిది మేం ఏడు రోజులని రాశాం. సున్నం ఖర్చు పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఉండదని కూడా రాశాం. అద్దెదారుల వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం. ఎందుకు ఇస్తున్నామో వాళ్లకు ముందే చెప్పాం.

2025 జులై

రిజర్వు బ్యాంకు ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లలో రెపో రేటును (తను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని) మొత్తం ఒక శాతం తగ్గించింది. మా అప్పు రెపోకు ముడిపడినది కాబట్టి 8.5 నుంచి 7.5కు దిగింది. మా బ్యాంకు ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గించింది. ఈఎంఐ తగ్గించమని అడగవచ్చా అని మా వారు ఆలోచించారు. నేను వద్దన్నాను. 52,070 కడుతూ పోతే దాదాపు మూడేళ్ల ముందు అప్పు తీరుతుంది. రేట్లు మళ్లీ పెరిగినా తట్టుకునే సందు ఉంటుంది.

పన్ను రిటర్నులకు ముందు వచ్చే ఏడాది లెక్క కూడా చూసుకున్నాం. ఏడాదంతా అద్దె వస్తే 2 లక్షల 34 వేలు. ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు. 8.5 శాతం లెక్కన మొదటి ఏడాది మొత్తం వడ్డీ 5 లక్షలు దాటుతుంది. అందులో పై అంతస్తు వాటా సుమారు 2 లక్షలు. వడ్డీ కాస్త తగ్గినా ఆ వాటా అద్దె మీద పడే పన్నును తుడిచేస్తుంది. కొత్త పన్ను విధానంలో కూడా అద్దెకిచ్చిన భాగానికి ఈ వడ్డీ మినహాయింపు ఉంది. మిగిలిన నష్టాన్ని మాత్రం జీతంలో సర్దుకోలేం.

2025 ఆగస్టు – సెప్టెంబరు

గట్టి వానలు. మూడో గది మూల పొడిగా ఉంది. సుద్దగీత ఇంకా చెరపలేదు. ఇంకుడు గుంత మొదటి పెద్ద వానకు నిండి పొంగింది. పై ఇసుక పొర మీద డాబా నుంచి వచ్చిన ఆకులు, దుమ్ము పేరుకుని నీళ్లను ఆపాయి. పైపొర తీసి కడిగి వేశాక, గొట్టం మూతికి జాలీ బిగించాక సరిగ్గా దిగుతోంది. జాలీని వానాకాలమంతా వారానికోసారి తీసి కడగాలి.

ఎమ్మెస్సీ అమ్మాయిల్లో నల్గొండ అమ్మాయికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. రెండో అమ్మాయి ఒక్కతే 7,000 మోయలేదు. తోటి విద్యార్థిని దొరికేదాకా 5,000 ఇవ్వమన్నాం. సెప్టెంబరు మొదట్లో కొత్త అమ్మాయి చేరింది. గది ఖాళీ పడి ఉంటే పోయేది 7,000. పది నెలల లెక్క ఎందుకు వేసుకున్నామో ఇలాంటి నెలల్లో తెలుస్తుంది.

2025 అక్టోబరు

బోరులో నీళ్లు మెరుగ్గా ఉన్నాయి, మోటారు గాలి కొట్టడం లేదు. ఎండాకాలం కూడా చూశాకే గట్టిగా చెప్పగలను.

ఇప్పటిదాకా మూడు గదులకు కలిపి ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం కాలేదు. పక్కన పెట్టిన రిపేర్ల డబ్బులోంచి ఖర్చయింది ఒక మోటారు కెపాసిటర్, రెండు కుళాయిలు, జాలీ.

తర్వాతి పని సౌర ఫలకాలు. కింద మా మీటరు మామూలు నెలల్లో 230 యూనిట్లు, వేసవిలో 330 దాకా పోతుంది, రెండు సందర్భాల్లోనూ 200 దాటిన చార్జీల శ్లాబే. 2 కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్ల దాకా వస్తాయి. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60 వేల సబ్సిడీ ఉంది. మాకు వచ్చిన కొటేషన్ లక్షా 30 వేలు, చేతి నుంచి పడేది 70 వేలు. చోటు 200 చదరపు అడుగులు కావాలి. పైవాళ్ల బట్టల తీగలున్న తూర్పు వైపు వదిలి, ట్యాంకుల వెనక దక్షిణ భాగం కొలిచి చూస్తే సరిపోతుంది. అమర్చేవాళ్లు శ్లాబులోకి బోల్టులు దించుతామన్నారు. మా మేస్త్రీని పిలిపించి మాట్లాడించాం. బోల్టులు వద్దు, కాంక్రీటు దిమ్మెల మీద చట్రం నిలబెడతామని రాసి ఇస్తేనే అడ్వాన్సు ఇస్తామన్నాం. కొత్త కొటేషన్ వచ్చే వారం పంపుతామన్నారు.